భిక్షువు గొడుగు

పూర్ణచంద్రరావు మాస్టారికి కోపం తెప్పించాలంటే, ముఖం గంభీరంగా పెట్టుకుని ఆయన ముందు బుద్ధుడి గురించి మాట్లాడితే చాలు. తెనాలిలో అలాంటి సభ ఎక్కడ జరిగినా వెళ్లి వెనక వరుసలో కూర్చునేవారు. వేదిక మీది వక్త కళ్లు మూసుకుని, గొంతు తగ్గించి "తృష్ణయే దుఃఖమునకు మూలము" అనగానే లేచి బయటికి వచ్చేసేవారు. "అంత కష్టమైన మాట బుద్ధుడు నవ్వకుండా చెప్పి ఉండడు జ్యోతీ. ఏడుపు ముఖంతో చెబితే ఆ కాలంలో మాత్రం ఎవడు వినేవాడు?" అని మెట్ల మీద నిలబడి నన్నే నిలదీసేవారు.

నేను జ్యోతిర్మయిని. తెనాలిలో చిన్న ప్రెస్సు నడుపుతాను. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు నా బతుకుతెరువు. మాస్టారు బాపట్లలో జువాలజీ లెక్చరర్‌గా ఉన్న రోజుల్లో ఆయన దగ్గర చదువుకున్నాను. కప్పను బల్ల మీద పెట్టి కోస్తూ, మధ్యలో ఎక్కడో చైనాలో ఉండే ముసలి రైతు కథ ఎత్తుకునేవారు. మేం పగలబడి నవ్వేవాళ్లం. ఇంటికెళ్లాక ఆ కథ వేరేగా గుర్తొచ్చి కాసేపు అన్నం సహించేది కాదు. ఆ రెండూ ఒకటేనని మాకప్పుడు తెలియదు.

ఆయనది వేమూరు దగ్గర వ్యవసాయ కుటుంబం. భట్టిప్రోలు స్తూపం దిబ్బ మీద ఆడుకుంటూ పెరిగిన మనిషి కాబట్టి బుద్ధుడంటే ఆయనకు భయం లేదు, చుట్టరికమే. ఉద్యోగం వచ్చాక దొరికిన ప్రతి పుస్తకం చదివారు. బౌద్ధులవి చదివారు, చైనాలోని తావో మార్గం వాళ్లవి చదివారు. పాత పుస్తకాల్లో ఆయన పట్టుకున్నదల్లా నవ్వు. గురువును శిష్యుడు ఆటపట్టించడం, రాజుగారికి చేపలవాడు బుద్ధి చెప్పడం, మహాజ్ఞాని కాలుజారి బురదలో పడడం. వాళ్లు నవ్వించడం కోసం నవ్వించలేదని, మన గర్వం తలుపు వేసుకుని కూర్చుంటే దొడ్డిదారిన లోపలికి వచ్చారని ఆయన నమ్మకం. రిటైరయ్యి తెనాలిలో స్థిరపడ్డాక, అదే పద్ధతిలో తనే సొంతంగా కథలు రాయడం మొదలుపెట్టారు.

రాయడం ఆయన వంతు, తేల్చడం వసుంధరమ్మగారి వంతు. సాయంత్రం ఆవిడ వంటింటి గడపలో కూర్చుని గోంగూర వలుస్తుంటే ఈయన ఎదురుగా పీట వేసుకుని కథ చదివేవారు. ఆవిడ నవ్వితే ఉంచేవారు. నవ్వకపోతే ఆ కాగితం చింపేసేవారు. నేను వెళ్లినప్పుడు ఒకసారి ఈ కథ చదువుతున్నారు. ఏమీ చేయకుండా ఉండడమే గొప్ప విద్య అని విని ఒక కుర్రాడు తావో గురువు దగ్గర చేరతాడు. కొన్నాళ్లకు వాడు తెల్లవారుజామునే లేచి, తల తుడుచుకోకుండానే పరుగెత్తుతూ గురువుకు ఎదురవుతాడు. ఎక్కడికిరా అంత కంగారుగా అంటే, "ఏమీ చేయకుండా కూర్చునే టైమైపోతోంది స్వామీ" అంటాడు. వసుంధరమ్మగారు గోంగూర చేటలో పడేసి నవ్వారు. నవ్వుతూనే, ధ్యానానికి లేవాలని ఆయన రోజూ పెట్టుకునే అలారం వైపు చూశారు. ఆయనకూ నవ్వాగలేదు.

అంతవరకూ బాగానే ఉండేది. ఆ తర్వాత మాస్టారు గొంతు సవరించుకుని కింద రాసింది చదివేవారు. ప్రతి కథ కిందా "దీని భావం" అని ఒక పేరా ఉండేది. కుర్రాడు దేనికి ప్రతీక, పరుగు దేనికి సంకేతం, మనం గ్రహించవలసినదేమిటి, అన్నీ అందులో ఉండేవి. వసుంధరమ్మగారి ముఖంలో నవ్వు ఆరిపోయేది.

"నవ్వొచ్చాక మళ్లీ పాఠం దేనికండీ? తీసెయ్యండి" అనేవారు ఆవిడ.

"తీసేస్తే ఇదేదో జోకనుకుంటారు వసుంధరా."

"అనుకోనివ్వండి. మీకేం పోయింది?"

ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి ఆ పేరాను ఎలా వదులుకుంటారు. పుస్తకం 'దీని భావం'తోనే నా ప్రెస్సులో అచ్చయింది. పేరు 'బరువు దించిన చోట'. అట్ట మీద కళ్లు మూసుకున్న బుద్ధుడి బొమ్మ. నవ్వే బుద్ధుణ్ణి వెయ్యమని మాస్టారు అన్నారు గానీ, మా ఆర్టిస్టు వేసిన నవ్వు పళ్లపొడి ప్రకటనలా ఉండడంతో మానుకున్నాం.

ఇక్కడ మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. పెద్దకర్మకు వచ్చినవాళ్లకు భోజనం పెట్టి పంపిస్తే సరిపోదు, చేతిలో ఒక పుస్తకం పెట్టాలి. మొదటి పేజీలో పోయినవారి ఫొటో, జనన మరణ తేదీలు, కుటుంబసభ్యుల పేర్లు ఉంటాయి. ఆ తర్వాత లోపల ఏముందో ఇచ్చేవాళ్లూ చూడరు, పుచ్చుకునేవాళ్లూ చూడరు. దేవుడి బొమ్మ ఉందా లేదా అన్నదే చూస్తారు. నేను ఆ వ్యాపారం మీద బతుకుతున్నాను కాబట్టి గట్టిగా అనకూడదు గానీ, మన ఇళ్లలో బీరువాల మీద దుమ్ము పట్టి ఉన్న జ్ఞానమంతా అలా వచ్చిందే.

రేపల్లెలో ధాన్యం వ్యాపారం చేసే జమలయ్యగారు పోయినప్పుడు వాళ్లబ్బాయి గిరిబాబు నా దగ్గరికి వచ్చాడు. బల్ల మీద ఉన్న మాస్టారి పుస్తకం అట్ట చూశాడు. "బుద్ధుడే కదండీ, ప్రశాంతంగా ఉంది. ఇదే ఇచ్చెయ్యండి" అన్నాడు. ఇవి నవ్వు కథలండీ, ఒకసారి చదువుకోండి అన్నాను. అతని చెవికి ఎక్కలేదు. తండ్రి పోయినవాడికి ఏం ఎక్కుతుంది. నాన్న ఫొటో కింద రాయవలసిన పేర్ల వరస గురించే మాట్లాడి వెళ్లిపోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడే గిరిబాబు మిగిలిన పుస్తకాలన్నీ గోనెసంచిలో వేసుకుని తెనాలి వచ్చాడు. సంచి నా బల్ల మీద కుమ్మరించాడు. మాస్టారు అప్పుడు అక్కడే ఉన్నారు.

"రాసినాయన మీరేనా సార్? మా నాన్న పెద్దకర్మలో జనం నవ్వారండి. షామియానా కింద కూర్చుని, మా అమ్మ వింటుండగా నవ్వారు. ఒకళ్లు పైకి చదవడం, చుట్టూ మూగి నలుగురు నవ్వడం. మా ఇంట్లో ఏమన్నా పెళ్లి జరుగుతోందా సార్?"

అతను అరవలేదు. అరిచి ఉంటే నేనూ నాలుగు మాటలు అని ఉండేదాన్ని. ఆ మాట చెప్పి, సంచి అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. మాస్టారు ఆ పుస్తకాలు ఏరి మళ్లీ సంచిలో వేశారు. మర్నాడు పొద్దున రేపల్లె పాసింజర్ ఎక్కుదాం రమ్మన్నారు. ఆ ఇల్లాలికి నేరుగా క్షమాపణ చెప్పుకోవాలి అన్నారు.

దారిలో భట్టిప్రోలు వచ్చినా కిటికీ వైపు తిరగలేదు. ఆ సంగతి నేను గమనించాను, ఎందుకంటే ఆ స్టేషన్లో దిబ్బ ఉన్న దిక్కుకు చూడకుండా ఆయన ఎన్నడూ పోలేదు.

రేపల్లెలో రైస్‌మిల్లు వెనక వీధిలో వాళ్ల ఇల్లు. వాకిట్లో షామియానా ఇంకా విప్పలేదు. జమలయ్యగారి భార్య కోటిరత్నంగారు నడవాలో చాప మీద కూర్చుని ఉన్నారు. మాస్టారు నిలబడే చేతులు జోడించారు.

"అమ్మా, ఆ పుస్తకం రాసింది నేను. మిమ్మల్ని బాధపెట్టాలని కాదు. ఆ మొదటి కథలో నవ్వు ఎవరినో వెక్కిరించడానికి కాదమ్మా. దాని భావం ఏంటంటే..."

"కూర్చోండి అన్నయ్యగారూ" అన్నారు ఆవిడ.

షామియానా కింద పైకి చదివిన ఆ మొదటి కథ ఇదీ. ఒక భిక్షువు సర్వం త్యజించాలనుకుంటాడు. తన కుండ ఒకరికి, కంబళి ఒకరికి, గొడుగు ఒకరికి ఇచ్చేస్తాడు. ఊరంతా ఆయన వైరాగ్యాన్ని పొగుడుతుంది. ఆ సాయంత్రం నుంచి భిక్షువు ఇల్లిల్లూ తిరగడం మొదలుపెడతాడు. కుండ పగలగొట్టలేదు కదా, కంబళి ఎండలో వేశారా, గొడుగు జాగ్రత్తగా ఉందా అని. చివరికి ఊళ్లోవాళ్లు విసిగి, "స్వామీ, మీ వైరాగ్యం మేం మొయ్యలేం, మీ సామాన్లు మీరు తీసుకుపోండి" అంటారు.

కోటిరత్నంగారు కొంగు ఒళ్లో సర్దుకున్నారు. "నాకర్థం కాక కాదండి. ఆ రోజు పొద్దున దానాలిచ్చాం. కొత్త మంచం, కొత్త గొడుగు, చెప్పులు పంతులుగారికి ఇచ్చారు. ఆయన వాడినవన్నీ మా బట్టలుతికే వెంకట్‌కి ఇచ్చారు. ఆయన గొడుగు వాడు చంకలో పెట్టుకుని గేటు దాటుతుంటే, వాడి ఇల్లెక్కడో కనుక్కోవాలనుకున్నానండి. సాయంత్రం ఓసారి వెళ్లి చూసొద్దామని. ఇంతలో బయట ఎవరో ఆ కథ చదివారు. భిక్షువు గొడుగు అడగ్గానే అందరూ నవ్వారు."

లోపల గిరిబాబు గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"నన్ను చూసే నవ్వినట్టుంది అన్నయ్యగారూ. కథలో తప్పేం లేదండి. ఆ రోజుకి పనికిరాలేదు, అంతే."

ఆవిడ మాకు మజ్జిగ ఇప్పించారు. తాగి వచ్చేశాం.

ఆ దెబ్బకు మాస్టారు రాయడం మానేశారు. కట్టల్లో మిగిలిన పుస్తకాలు ఎవరికీ ఇవ్వొద్దని నాకు గట్టిగా చెప్పారు. నవ్వుతో ఎవరికీ ఏదీ చెప్పలేమని, సభల్లో ఆ గంభీరమైన ముఖాల వాళ్లే మేలని అన్నారు. వసుంధరమ్మగారు ఒప్పుకోలేదు.

"నవ్వు చేసిన తప్పేంటండీ? ఆవిడకి మీ కథ మీకంటే బాగా తెలిసింది. మీరు ఆవిడ ముందు నిలబడి భావం చెప్పబోయారు చూడండి, అదీ తప్పు. ఎదుటివాళ్లంతా మీ క్లాసులో కూర్చున్నట్టే చూస్తారు మీరు."

ఆవిడ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు, ఏదన్నా రాయండి, ఊరికే గోంగూర వలవలేను అని వేళాకోళమాడారు. ఆయన రాయలేదు. ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం గుండె ఆగి వసుంధరమ్మగారు పోయారు. వినడానికి ఆవిడకు కొత్త కథ దొరకకుండానే పోయారు. నాకు ఇప్పటికీ అదే బాధ.

మాస్టారి కళ్లలో చుక్క నీరు రాలేదు. వచ్చినవాళ్లను ఆయనే కూర్చోబెట్టి, ఆయనే ఓదార్చారు. పుట్టినది పోతుంది, పట్టుకున్నది జారుతుంది అని వివరంగా చెప్పారు. ఎంత నిబ్బరమో, చదివిన చదువు వంటబట్టిందంటే అదీ అని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ గొంతు వింటే భయమేసింది. అది సభల్లో వినగానే ఆయన లేచి వచ్చేసే గొంతు.

పెద్దకర్మ రోజున ఆవిడ వస్తువులు తన చేత్తోనే పంచారు. కుట్టుమిషన్ పక్కింటి సాయిప్రియకు ఇచ్చారు. గ్రైండర్ ఇంట్లో పనిచేసే అచ్చమ్మకు. చీరలు బంధువులకు. నాకు మరువం కుండీ ఇచ్చారు. ఇంట్లో ఆవిడది ఒక్క వస్తువూ మిగల్చలేదు. పుస్తకం ఏదీ పంచలేదు.

తర్వాత కొన్నాళ్లకు మాస్టారు రోజూ సాయంత్రం ప్రెస్సుకు రావడం మొదలైంది. ఇటుగా వెళ్తూ వచ్చానమ్మా అనేవారు. కూర్చోకుండా కిటికీ దగ్గరికి వెళ్లి మరువం కుండీలో వేలు పెట్టి మట్టి చూసేవారు. "నీళ్లు పోశావా?" అనేవారు. పోశానండి అంటే తలూపి వెళ్లిపోయేవారు. మొదట నాకేమీ తోచలేదు. ఒకరోజు సాయిప్రియ కార్డుల కోసం వచ్చి, మాట మధ్యలో చెప్పింది. "తాతగారు రోజూ వస్తున్నారు ఆంటీ. మిషన్‌కి నూనె వేశావా అంటారు. నేను కుట్టేటప్పుడు నిలబడి చూస్తారు. పాపం, నాకు భయమేసి కుట్టడం మానేశాను." అచ్చమ్మ కూడా గ్రైండర్‌లో పప్పు వెయ్యాలంటే మాస్టారు వస్తారేమోనని వీధి వైపు చూస్తోందట.

మీరే చెప్పొచ్చు కదా అంటారేమో. ఆయన ఎదుట నిలబడి, మాస్టారూ, మీ కథలో భిక్షువు మీరే అయ్యారు అని ఎలా చెప్పను? నా నోటికి ఆ బలం లేదు. మనిషి నానాటికీ తగ్గిపోతున్నారు. చొక్కా వదులైపోయింది. మూడు చోట్లా తిరిగి, తన ఇంటికి వెళ్లి, లైటు వెయ్యకుండా కూర్చుంటున్నారని సాయిప్రియ చెప్పింది. ఆయనకు తన సంగతి తనకు తెలిస్తే తప్ప ఇది ఆగదు. అనిత్యం గురించి ఊరందరికీ చెప్పగల మనిషికి ఆ మాట ఎవరు చెబుతారు? నాకు ఇంకో మనిషి కనబడలేదు.

కోటిరత్నంగారు వచ్చింది అప్పుడు. జమలయ్యగారి సంవత్సరీకం అయిపోయాక, వసుంధరమ్మగారు పోయిన సంగతి తెలిసి పలకరించడానికి వచ్చారు. మాస్టారి ఇల్లు తెలియదు, నా ప్రెస్సు తెలుసు కాబట్టి గిరిబాబు ఆవిణ్ణి నేరుగా నా దగ్గరికి తెచ్చాడు. ఆవిడ సంచిలో ఆ పుస్తకం ఉంది, అంచులు నలిగి.

"చదివారా అండి?" అన్నాను నేను.

"నెలనెలా మాసికం పెట్టిన రోజు సాయంత్రం ఒక కథ చదువుకున్నానమ్మా. కింద రాసింది వదిలేశాను" అన్నారు ఆవిడ.

మాట్లాడుతుండగానే మాస్టారు వచ్చారు. కుర్చీలో ఉన్న ఆవిణ్ణి గమనించలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్లి కుండీలో వేలు పెట్టారు. "పొడిగా ఉందేంటమ్మా?" అన్నారు. ఆ గొంతులో నిజంగా కంగారుంది. నేను చెంబుతో నీళ్లు తెచ్చి పోశాను. ఆయన అది చూసి, జేబురుమాలుతో వేలు తుడుచుకుని, అప్పుడు ఇటు తిరిగారు.

కోటిరత్నంగారు లేచి నమస్కారం పెట్టారు. ఇద్దరూ కూర్చున్నారు. పలకరింపు అయింది. మాస్టారు యథాప్రకారం అనిత్యం గురించి మొదలుపెట్టారు. ఆవిడ ఓపిగ్గా విని, "ఇక్కడ్నుంచి ఎటు వెళ్తారు అన్నయ్యగారూ?" అని అడిగారు.

"సాయిప్రియ అని పక్కింటి పిల్లమ్మా. మా ఆవిడ మిషన్ వాళ్లింట్లో ఉంది. చూసుకుని, అచ్చమ్మ ఇంటికి ఓసారి వెళ్లి..."

ఆవిడ తల ఊపారు. ఆ ముఖంలో వెక్కిరింపు లేదు. జ్వరంతో ఉన్నవాళ్ల నుదురు ముట్టుకున్నట్టు నెమ్మదిగా అడిగారు.

"గొడుగు జాగ్రత్తగానే ఉందా అండి?"

మాస్టారు ఆవిడ వైపు చూశారు. కుండీ వైపు చూశారు. జేబురుమాలు మీది మట్టి మరక చూసుకున్నారు. ముందు పెదవి కదిలింది. తర్వాత నవ్వొచ్చింది. బాపట్లలో కప్పల బల్ల దగ్గర నవ్విన నవ్వే, భుజాలు ఊగుతూ. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో తెగి ఏడుపైంది. ఆయన బల్ల మీద తల పెట్టుకుని వసుంధరా, వసుంధరా అని ఏడ్చారు. ఆవిడ పోయాక ఆ పేరు ఆయన నోట వినడం నాకు అదే మొదలు. గిరిబాబు లేచి వెళ్లి ఆయన భుజం పట్టుకున్నాడు. కోటిరత్నంగారు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆవిడ కళ్లు కూడా నిండాయి గానీ, చెప్పవలసింది ఇంకేదో ఉందని అనుకోలేదు.

చాలాసేపటికి మాస్టారు తలెత్తారు. "మీరు వెళ్లారా అమ్మా, వెంకట్ ఇంటికి?"

"వెళ్లానండి. వాడు లేడు. వాళ్లావిడ ఎండలో బట్టలారేస్తా, చంటిదాన్ని ఆ గొడుగు కింద పడుకోబెట్టింది. ఇంక మళ్లీ వెళ్లలేదు."

ఆ వారమే మాస్టారు పుస్తకం ప్రూఫులు మళ్లీ తియ్యమన్నారు. ఎర్ర పెన్నుతో ప్రతి కథ కిందా 'దీని భావం' కొట్టేసుకుంటూ పోయారు. ఒక్కటీ ఉంచలేదు. నాకు మనసొప్పలేదు. "చదివేవాళ్లకి అర్థం కాకపోతే మాస్టారూ?" అన్నాను.

"రాసిన నాకే ఇన్నాళ్లు పట్టింది కదమ్మా. వాళ్లని తొందరపెట్టడం దేనికి?" అన్నారు.

మొదటి పేజీలో వెయ్యడానికి వసుంధరమ్మగారి ఫొటో తెచ్చారు. చేట ఒళ్లో పెట్టుకుని నవ్వుతున్న ఫొటో. పెద్దకర్మలకు మాత్రం ఇవ్వొద్దని, ఎవరన్నా అడిగితే సంవత్సరీకం దాకా ఆగమని చెప్పమన్నారు. నేను అలాగే చెబుతున్నాను. వ్యాపారం పోతోంది, పోనీ.

ప్రూఫులు ఇచ్చి ఆయన లేచారు. గుమ్మం దాకా వెళ్లి ఆగారు. వెనక్కి తిరిగి కిటికీ వైపు చూశారు. "జ్యోతీ, నీళ్లు..." అన్నారు. అంతలో నేను తననే చూస్తున్నానని గమనించారు. ఆయనకు నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. మాట పూర్తి చెయ్యకుండానే మెట్లు దిగి వెళ్లారు.